గానన్ మీదికి ఎప్పుడు వెళ్లాలి

చిరంజీవి బుజ్జికి పిన్ని ఆశీస్సులు.

‘బ్రెత్ ఆఫ్ ద వైల్డ్‌’ వీడియో గేమ్‌లో విడిపించాల్సిన నాలుగు డివైన్ బీస్ట్‌లలో (పెద్ద యంత్ర మృగాలు) వా రూటా, వా మెడో అయిపోయాయనీ, వా రుడానియా, వా నబోరిస్ మిగిలాయనీ, ఆఖరి శత్రువు గానన్ ఉండే కోట వైపు చూడాలంటే గుండె జారుతోందనీ రాశావు. ఎప్పుడు వెళ్లమంటావని అడిగావు. నా జవాబు చిన్నదే: ఆట మీద ఆకలి ఉండగానే వెళ్లు. ఆకలి చచ్చాక ఎంత విందు వడ్డించినా ఎంగిలి పడటంతోనే సరి. మిగతా ఉత్తరమంతా ఆ ఆకలికి తోడు చేతిలో ఏం ఉండాలన్న లెక్క.

ముందు భయం సంగతి తేల్చుకుందాం. గానన్‌ని చంపితే ఆట అయిపోతుందనీ, తిరగాల్సిన చోట్లన్నీ మూసుకుపోతాయనీ చాలామంది అనుకుంటారు. అలా ఏం జరగదు. గెలిచాక నీ సేవ్ మళ్లీ యుద్ధానికి ముందరి క్షణానికే వస్తుంది, పక్కన ఒక నక్షత్రం గుర్తు చేరుతుంది. మ్యాప్ ఎంత శాతం పూర్తయిందో చూపే అంకె కూడా అప్పుడే మొదటిసారి కనిపిస్తుంది. పోయేది ఏమీ లేదు. అయితే వచ్చేదీ లేదు. గానన్ లేని హైరూల్ రాజ్యంలో హాయిగా తిరగొచ్చనే ఆశ ఉంటే ఇప్పుడే వదులుకో, కోట చుట్టూ ఆ పొగ అలాగే ఉంటుంది. ఒకసారి గెలిచి, మళ్లీ తిరిగి, ఆర్నెల్ల తర్వాత ఇంకోసారి గెలవొచ్చు. మొదటి గెలుపే చివరిది కావాలని ఎక్కడా లేదు.

ఇంకో అపోహ, నువ్వు బలపడే కొద్దీ గానన్ కూడా బలపడతాడన్నది. బలపడేది బయటి రాక్షసులు మాత్రమే. నువ్వు చంపే కొద్దీ ఆట లోపల ఒక లెక్క నడుస్తుంది. ఎర్ర బొకోబ్లిన్‌ల చోట నీలంవి, ఆ తర్వాత నల్లవి, చివరికి వెండి రంగువి వస్తాయి. గానన్ మాత్రం మొదటి రోజు ఎంత ఉన్నాడో ఇప్పుడూ అంతే, ప్రాణబలం 8000 పాయింట్లు. నువ్వు విడిపించిన ఒక్కో డివైన్ బీస్ట్ యుద్ధం మొదట్లో అందులోంచి ఎనిమిదో వంతు, అంటే 1000, కొట్టేస్తుంది. నాలుగూ చేస్తే మిగిలేది 4000. అంటే ఆలస్యం చేసే కొద్దీ దారిలో కష్టం పెరిగి, గమ్యంలో తగ్గుతుంది. ఇరవై హార్ట్‌లూ (ప్రాణాన్ని కొలిచే గుండె గుర్తులు), నాలుగు నక్షత్రాల కవచమూ పెట్టుకుని వెళ్లినవాళ్లకి గానన్ కొన్ని నిమిషాల పని. ‘ఇంతేనా’ అని పెదవి విరిచే వాళ్లంతా దాదాపు వీళ్లే. ఆట మొదలయ్యే గ్రేట్ ప్లాటో పీఠభూమి దిగి, పారాగ్లైడర్ చేతికి రాగానే కోటకి వెళ్లడానికి ఆట అనుమతిస్తుంది కూడా. పందెం కట్టి ఆడేవాళ్లు మొత్తం ఆటని అరగంట లోపే ముగించేది ఆ దారినే. నిన్ను అలా చేయమనడం లేదు. ఆ చివరకీ ఈ చివరకీ మధ్యలో సరైన చోటు ఒకటుంది.

ఇప్పుడు నీ సంగతి. రెండే చేసి వెళితే, మిగిలిన రెండింటిలో ఉండాల్సిన ఫైర్‌బ్లైట్, థండర్‌బ్లైట్ అనే రాక్షసులు కోటలోనే కాచుకుని ఉంటాయి. ఒకదాని తర్వాత ఒకటి వాటిని ముగిస్తేనే గానన్ ముందుకి వస్తాడు, అది కూడా 6000తో. ఫైర్‌బ్లైట్‌తో పెద్ద బెడద లేదు. థండర్‌బ్లైట్ మాత్రం నాలుగింటిలోకీ వేగమైనది, చాలామంది చచ్చేది దాని చేతిలోనే. అదీ, ఒకసారి అక్కడ చేతులు కాలాక అలసటతో గానన్ ముందు నిలబడాలి. కాబట్టి నాలుగూ చేసే ఓపిక లేకపోతే నబోరిస్ ఒక్కటైనా చెయ్యి. థండర్‌బ్లైట్ అక్కడే పోతుంది, పైగా అర్బోసాస్ ఫ్యూరీ అనే పిడుగుల శక్తి చేతికొస్తుంది. అది ఎందుకు ముఖ్యమో కింద చెప్తాను. నబోరిస్ కోసం, మగవాళ్లని రానివ్వని గెరూడో ఊళ్లోకి వెళ్లడానికి ఆడవాళ్ల దుస్తులు కారా కారా బజార్‌లో 600 రూపీలకి దొరుకుతాయి, అంత డబ్బు దగ్గర పెట్టుకునే ఎడారిలో దిగు. రుడానియాకి ఫుట్‌హిల్ స్టేబుల్ దగ్గర మంటలకి తట్టుకునే పానీయం తాగి బయల్దేరితే గొరాన్ సిటీ చేరేదాకా సరిపోతుంది, అక్కడ కవచం కొనుక్కోవచ్చు. దానికి రెండు సాయంత్రాలు చాలు.

మాస్టర్ స్వోర్డ్ అనే కత్తి లేకుండా కూడా గెలవొచ్చు, కానీ ఉంటే లెక్క తేలికవుతుంది. కొరోక్ అడవిలో నాటి ఉన్న దాన్ని లాగాలంటే 13 హార్ట్‌లు నికరంగా ఉండాలి. వంటతో వచ్చే పసుపు హార్ట్‌లని అది లెక్కలోకి తీసుకోదు. మొదటి 3, నాలుగు బీస్ట్‌లకి 4, వెరసి 7. మిగతా 6 కావాలంటే, ఒక్కో ష్రైన్ (చిన్న పరీక్ష పెట్టే గుడి) ఒక ఆర్బ్ ఇస్తుంది కాబట్టి, ఒక్కో హార్ట్‌కి 4 ఆర్బ్‌ల చొప్పున 24 ష్రైన్‌లు. నువ్వు ఆర్బ్‌లన్నీ స్టామినాకే పోశావని నాకు అనుమానం. ఫరవాలేదు. హటేనో ఊళ్లో కొమ్ముల విగ్రహం ఒకటుంది. అది నీ స్టామినాని 100 రూపీలకి కొని, 120కి హార్ట్ ఇస్తుంది. ఒక్కో మార్పుకి పోయేది 20 రూపీలే. కత్తి లాగాక మళ్లీ వెళ్లి స్టామినాగా మార్చుకోవచ్చు, ఎవరూ అడగరు.

ఆ కత్తి దెబ్బ బలం మామూలుగా 30, గానన్ ముందు మెరిసి 60 అవుతుంది. నాలుగు బీస్ట్‌లూ చేశాక మిగిలిన 4000ని దాంతో కొడితే సుమారు 67 దెబ్బలు. దాడి బలం మూడో స్థాయికి పెంచుకుంటే దెబ్బకి 90, అంటే 45. కత్తి పవర్ అయిపోతే పది నిమిషాలు చేతికి రాదు, కాబట్టి 50కి పైబడిన ఆయుధాలు మూడైనా వెంట ఉండాలి. దారిలో దొరికే రాయల్ గార్డ్ కత్తుల మీద మనసు పారేసుకోకు. దెబ్బ గట్టిదే, కానీ అప్పడంలా విరిగిపోతాయి.

వంట గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే ఓడిపోయేవాళ్లలో సగం మంది ఓడేది వంటింట్లోనే. హార్టీ డ్యూరియన్ అని పసుపు రంగు ముళ్లకాయ, పనసకి చిన్న తమ్ముడిలా ఉంటుంది. ఫారోన్ టవర్‌కి ఎదురుగా ఉన్న గుట్ట మీద చెట్లున్నాయి, బల్లి రాక్షసులుంటాయి జాగ్రత్త. ఐదు కలిపి వండితే హార్ట్‌లన్నీ నిండి పైన 20 పసుపువి వస్తాయి. చూడ్డానికి గొప్పగా ఉంటుంది, కానీ దుబారా. ఒక్క కాయని ఒంటరిగా వండినా హార్ట్‌లన్నీ నిండుతాయి, పైన 4 వస్తాయి. యుద్ధం మధ్యలో నీకు కావాల్సింది నిండటమే. కాబట్టి పది కాయలు కోస్తే తొమ్మిదో పదో వంటకాలు చేసుకో, రెండు కాదు. ఎనిమిది నుంచి పది ఉంటే ధైర్యంగా వెళ్లొచ్చు.

దాడికి మైటీ బనానా. నాలుగు అరటిపళ్లలో డ్రాగన్ కొమ్ము ముక్క ఒకటి వేసి వండితే మూడో స్థాయి బలం అరగంట ఉంటుంది. కొమ్ము లేకపోతే ఐదు పళ్లు వండు, నాలుగు నిమిషాల పది సెకన్లు వస్తుంది, అలాంటివి మూడు చెయ్యి. రెండు తప్పులు ఇక్కడే జరుగుతాయి. ఒకటి, వంటకాల ప్రభావం ఒకేసారి ఒకటే నిలుస్తుంది. దాడి వంటకం తిన్నాక చలి తగ్గించేదో వేగం పెంచేదో తింటే మొదటిది ఎగిరిపోతుంది. రెండు, బార్బేరియన్ దుస్తులు మూడూ వేసుకుంటే దాడి బలం అప్పటికే పై స్థాయిలో ఉంటుంది, అరటిపండు దాని మీద కలవదు. నేనైతే అరటి తిని, ఒంటి మీద సోల్జర్స్ కవచం వేసుకోమంటాను. హటేనోలో కొనేటప్పుడు మూడూ కలిపి రక్షణ 12. కవచాల్ని బలపరిచే గ్రేట్ ఫెయిరీల కొలనులు రెండు తెరిపిస్తే రెండుసార్లు పెంచుకోవచ్చు, 36 అవుతుంది. వాళ్లకి మొదట 100, తర్వాత 500 రూపీలు. అంతకన్నా పెంచనక్కర్లేదు.

వంటకాలు నిండుగా ఉన్నా చేతికి రావాల్సిన విద్య ఒకటుంది, అదే ప్యారీ. గార్డియన్ (కిరణాలు వదిలే కాపలా యంత్రం) కిరణం వదిలే క్షణంలో డాలు ఎత్తి ‘A’ బటన్ నొక్కడం. గానన్ సగం బలం పోయాక ఒళ్లంతా ఎర్రటి వెలుగు కప్పుకుంటాడు. అప్పుడు నీ కత్తి దెబ్బలు ఒక్కటీ దిగవు. ఇది తెలియక చాలామంది పరుగెత్తుకెళ్లి కొడుతూనే ఉంటారు, ఆయుధాలు విరుగుతాయి, తిండి అయిపోతుంది, ఆటని తిడతారు. ఆ వెలుగు పోవాలంటే మూడే దారులు: వాడి కిరణాన్ని ప్యారీ చేసి వాడికే కొట్టడం, సరిగ్గా చివరి క్షణంలో తప్పుకుని ఫ్లర్రీ రష్ (వరస దెబ్బలు) చేయడం, లేదా అర్బోసాస్ ఫ్యూరీ. మొదటి రెండూ చేతికి రానివాళ్లకి మూడోది ప్రాణదాత, అందుకే నబోరిస్ చేయమన్నాను. మూడుసార్లు వాడాక అది మళ్లీ రావడానికి పన్నెండు నిమిషాలు. మొదటి సగంలో సరదాకి వాడేసి రెండో సగంలో చేతులు నలుపుకోకు.

సాధన గ్రేట్ ప్లాటోలోనే. ఈస్టర్న్ అబ్బీ శిథిలాల దగ్గర కాళ్లు లేని గార్డియన్లు కదలకుండా కూర్చుని ఉంటాయి. ఒక్క ప్యారీతో పోతాయి కాబట్టి ముందు సేవ్ చేసి, లోడ్ చేస్తూ పదిసార్లు చెయ్యి. ఖరీదైన డాలు అక్కర్లేదు, కుండ మూత చాలు. సమయం కుదిరితే మూతకి గీత కూడా పడదు, కుదరకపోతే ఎంత మంచి డాలైనా పోతుంది. పదిలో ఏడు కుదిరితే హైరూల్ ఫీల్డ్‌లో నడిచే గార్డియన్ దగ్గరికి వెళ్లు, దానికి మూడు కావాలి. ఆఖరి పరీక్ష ‘మేజర్ టెస్ట్ ఆఫ్ స్ట్రెంత్’ ష్రైన్. అందులోని గార్డియన్ స్కౌట్‌కి 3000 పాయింట్లు. మూడు వంటకాల్లోపు, చస్తే బతికించే ఫెయిరీని వాడకుండా దాన్ని పడగొట్టావంటే నువ్వు సిద్ధం. ఆ తర్వాత పెట్టే కుంటి సాకులేవీ నేను వినను.

సంచి పెంచే కొరోక్ గింజలు 900 అవ్వాలంటావేమో. సంచి పూర్తిగా పెరగడానికి 441 చాలు, మిగతావాటికి వచ్చే బహుమతి చూస్తే నవ్వూ ఏడుపూ కలిసి వస్తాయి. 120 ష్రైన్‌లూ అంతే. గెలిచాక చేసుకోవచ్చు. ఆగాల్సింది ఒక్కదానికే: హీరో లింక్ మరిచిపోయిన జ్ఞాపకాలు. అతని చేతి పలక షీకా స్లేట్‌లోని 12 ఫొటోల చోట్లూ వెతికి, ఇంపా అవ్వ చూపించే పదమూడోదీ చూస్తే ముగింపులో ఒక దృశ్యం అదనంగా వస్తుంది. చోట్లు తెలియకపోతే స్టేబుళ్ల దగ్గర తిరిగే పికాంగో అనే చిత్రకారుణ్ణి అడుగు. వాటిలో ఒకటి కోటలోనే, యువరాణి జెల్డా చదువుకునే గది దగ్గర ఉంది. కాబట్టి యుద్ధానికి ముందు కోటకి ఒకసారి ఊరికే వెళ్లి రావాలి. ఇది మంచికే.

ఆ మొదటి ప్రయాణంలో ఇవి చూసుకో. ముందు దరువాజా దారి వద్దు, గార్డియన్లు దుమ్ము దులుపుతాయి. కోట వెనక కందకం నీటి మీదుగా వెళితే లోపల ఒక రేవు ఉంటుంది. అక్కడి పెద్ద కుంపటి వెలిగిస్తే ష్రైన్ పైకి లేస్తుంది. దాన్ని తాకితే చాలు, ఎప్పుడు కావాలంటే అప్పుడు కోటలోకే ఎగిరి రావచ్చు. చెరసాల లోపలి గదిలో పెద్ద అస్థిపంజరం ఉంటుంది, దాని కన్నుకి బాణం వేసి పడగొడితే హైలియన్ షీల్డ్ దొరుకుతుంది, రక్షణ 90. వా రూటా చేశావు కాబట్టి జోరా కవచం నీ దగ్గరుంది. అది వేసుకుంటే కోట పక్కన పడే జలపాతాల్ని ఈదుకుంటూ పైకి ఎక్కెయ్యొచ్చు, సగం కాపలా తప్పుతుంది. పైకి చేరాక కవచం మార్చుకోవడం మర్చిపోకు.

యుద్ధం రోజు: గానన్ ఉండే సాంక్టమ్ గది గుమ్మం బయట ఆగి చేత్తో సేవ్ చెయ్యి, ఆటో సేవ్‌ని నమ్ముకోకు. అరటి వంటకం అక్కడే తిను. సంచిలో మూడు ఫెయిరీలు, మూడు డాళ్లు, మామూలు బాణాలు 50 అయినా ఉండాలి. గానన్ గోడ ఎక్కితే కింద పరుగెత్తకుండా ముఖానికి బాణం వెయ్యి, పడిపోతాడు. అప్పుడు కొట్టు. అడ్డంగా తిప్పే దెబ్బకి వెనక్కి దూకాలి, పైనుంచి వేసే దెబ్బకి పక్కకి. హార్ట్‌లు మూడుకి దిగేదాకా చూడకుండా సగంలోనే తిను, ఎందుకంటే వాడి ఒక్క దెబ్బకి నాలుగైదు పోతాయి. రెండుసార్లు ఓడితే లేచి, నబోరిస్ చేశావా, డాళ్లు మిగిలాయా చూసుకుని, మర్నాడు రా.

వాడు పడ్డాక బయట మైదానంలో ఇంకో రూపం వస్తుంది. అది చూసి బెదరకు. చేతికిచ్చే విల్లుకి బాణాలు తరగవు, వెలిగే గుర్తులకి గురి చూడటమే పని. కంట్రోలర్‌ని కదిపి గురి చూసే సెట్టింగ్ ఆన్‌లో ఉంచుకో.

ఇట్లు,
మీ పిన్ని

తా.క. జ్ఞాపకాలన్నీ పూర్తి చేసి వెళితే, క్రెడిట్స్ మొదలవగానే గేమ్ మెషీన్ (స్విచ్) పక్కన పడేసి లేవకు. ఆ అదనపు దృశ్యం వచ్చేది వాటి తర్వాతే.