రేడియేషన్ తర్వాత ఎంఆర్ఐలో గడ్డ పెరిగినట్టు కనిపిస్తే చికిత్స విఫలమైనట్టేనా?

ఒక్క స్కాన్ చూసి అలా తేల్చేయకండి. మెదడును కప్పి ఉంచే పొరల్లో వచ్చే మెనింజియోమా, వినికిడి నరం పక్కన వచ్చే ష్వానోమా లాంటి క్యాన్సర్ కాని గడ్డలకు రేడియేషన్ ఇచ్చేది ముఖ్యంగా పెరుగుదలను ఆపడానికి. గడ్డ మాయమవ్వాలనేం లేదు, ఏళ్ల తరబడి అంతే ఉన్నా ఫలించినట్టే.

పైగా ష్వానోమాలు మొదటి 6 నుంచి 18 నెలల్లో తాత్కాలికంగా ఉబ్బడం మామూలే. కాంట్రాస్ట్ (గడ్డ స్పష్టంగా కనిపించడానికి నరంలోకి ఎక్కించే మందు) ఇచ్చి తీసిన బొమ్మలో, అంతకుముందు తెల్లగా మెరిసిన గడ్డ మధ్యభాగం నల్లబడి చుట్టూ తెల్లటి అంచే మిగలడం చాలామందిలో చూస్తాం. రిపోర్టులో ఆ మాట ఉంటే భయపడకండి. అలా ఉబ్బిన గడ్డ చాలావరకు తర్వాత మెల్లగా కుంచించుకుపోతుంది.

కొలతల దగ్గరే అసలు మెలిక. 10 మిల్లీమీటర్ల గుండ్రటి గడ్డ 12 అయితే రెండే కదా అనిపిస్తుంది, కానీ ఘనపరిమాణం 70 శాతానికి పైగా పెరిగినట్టు. అదే సమయంలో స్కాన్‌లో తీసే స్లైసుల (పలుచటి అడ్డుకోతల బొమ్మల) మందం, తల పెట్టిన కోణం మారినా ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా వచ్చేస్తుంది. కాబట్టి పాత సీడీలన్నీ దాచుకోండి, వీలైతే ఒకే సెంటర్‌లో తీయించుకోండి. కిందటి స్కాన్‌తోనే కాకుండా చికిత్సకు ముందుదానితో కూడా పోల్చమని అడగండి.

తూలడం, ముఖం తిమ్మిరెక్కడం, తలనొప్పి పెరగడం ఉంటే మాత్రం తర్వాతి స్కాన్ తేదీ దాకా ఆగకుండా డాక్టర్‌ని కలవండి.