మన వంశంలో ఉందిలే అని వదిలేయకు

అనంతపురం

చిరంజీవి శ్రీనుకు, మామ ఆశీస్సులు.

స్కానింగులో 'గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్' అని, అంటే లివర్‌లో కొవ్వు చేరడం మొదలైందని వచ్చిందన్నావు. దానికి నేను భయపడలేదు. "తాతకు ఉండె, నాయనకు ఉండె, రక్తంలోనే ఉంటే ఏం చేస్తాం మామా" అన్నావు చూడు, ఆ మాటకే బాధేసింది. ఉద్యోగమంతా పిల్లలకు జువాలజీ చెప్పినవాణ్ణి, నీకు చెప్పకుండా ఎట్లుంటాను?

వంశం సంగతి అబద్ధం కాదు. పీఎన్‌పీఎల్ఏ3 అనే జన్యువులో ఒక తేడా ఉన్నవాళ్ళకు లివర్‌లో కొవ్వు తొందరగా చేరుతుందని 2008లోనే తేల్చారు. కానీ జన్యువు ఉండటం వేరు, అది పనిచేయడం వేరు. డీఎన్ఏ మీద మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులు చేరతాయి. అవి చేరినచోట జన్యువు చాలావరకు అణిగిపోతుంది. డీఎన్ఏ హిస్టోన్లు అనే ప్రోటీన్ల చుట్టూ చుట్టుకుని ఉంటుంది, ఆ చుట్టు వదులైతే జన్యువు మేలుకుంటుంది. చేను అదే, మడవ ఎటు తిప్పితే ఆ మడికే నీళ్ళు పారతాయి. దీన్నే ఎపిజెనెటిక్స్ అంటారు.

ఆ మిథైల్ సరుకు ఎక్కువగా తయారయ్యేది లివర్‌లోనే. మందు తాగితే ఆ తయారీ దెబ్బతింటుంది, దానికి కావలసిన ఫోలేట్ అనే విటమిన్ ఒంటికి సరిగా పట్టదు. వారానికి ఒకసారేలే అనకుండా పూర్తిగా మానెయ్.

ఇక బరువు. బరువు తగ్గించే ఆపరేషన్ అయినవాళ్ళ లివర్ ముక్కను ముందూ తర్వాతా పరీక్షిస్తే, ఆ మిథైల్ గుర్తుల్లో కొన్ని వెనక్కి మళ్ళాయి. నాకు ధైర్యమిచ్చేది ఇదే. నీకు ఆపరేషన్ అక్కర్లేదు. నువ్వు 80 కిలోలు ఉంటే 4 కిలోలు తగ్గినా కొవ్వు తగ్గడం మొదలవుతుంది, 6 నుంచి 8 కిలోలు తగ్గితే వాపు కూడా తగ్గే అవకాశం బాగా ఉంది. కూల్‌డ్రింకులు, బేకరీ తిండి ఆపు. రోజూ చెమట పట్టేలా నడువు. సంగటి మంచిదే, కానీ ముద్ద మీద ముద్ద వేయించుకోకు. లివర్ కడుగుతాయనే పొడులు, కషాయాల జోలికి పోవద్దు. కోవిడ్ రోజుల్లో తిప్పతీగ వాడి లివర్ చెడగొట్టుకున్నవాళ్ళ గురించి ముంబై డాక్టర్లు 2021లో రాశారు.

మన శెనక్కాయల విషయం కూడా చెప్పాలి. ఒలిచేటప్పుడు ముడతపడినవి, రంగు మారినవి, పప్పు బద్దల మధ్య పచ్చటి బూజు ఉన్నవి పారేయ్. గానుగకూ పంపొద్దు. ఆ బూజులోని అఫ్లటాక్సిన్ వేయించినా పూర్తిగా పోదు. అది గుర్తులతో ఆగదు, డీఎన్ఏనే మార్చి క్యాన్సర్‌కు దారి తీస్తుంది. లివర్‌కు సోకే హెపటైటిస్ బి వైరస్ ఉన్నవాళ్ళకు ఆ ముప్పు ఎన్నో రెట్లు. అందుకే ఆ పరీక్ష కూడా చేయించుకో.

అమ్మాయికి ఇప్పుడు నెలలు కదా, ఆమెను బాగా చూసుకో. తల్లి తిండి కడుపులోని బిడ్డ గుర్తులనూ తాకొచ్చు. 1944-45లో నెదర్లాండ్స్‌లో కరువు వచ్చినప్పుడు కడుపున పడ్డవాళ్ళను దాదాపు 60 ఏళ్ళ తర్వాత పరీక్షిస్తే, ఐజీఎఫ్2 అనే జన్యువు మీద మిథైల్ గుర్తులు వాళ్ళ తోబుట్టువుల కంటే తక్కువగా కనిపించాయి. ఫోలిక్ యాసిడ్ మాత్రలు డాక్టరు చెప్పినట్టు వేసుకోమను. బిడ్డకు పుట్టిన 24 గంటల్లోపు హెపటైటిస్ బి టీకా వేయించు.

ఆదివారం గుత్తి నుంచి రిపోర్టులన్నీ పట్టుకుని రా, సోమవారం పొద్దున్నే డాక్టరు దగ్గరికి పోదాం. లివర్ ఎంత గట్టిపడిందో చూసే ఫైబ్రోస్కాన్ అవసరమా అని అడుగుదాం. రాత్రి భోజనం తర్వాత ఏమీ తినకు, రక్తపరీక్షకు ఖాళీ కడుపుతో ఉండాలి.

మీ మామ