రాజీవ్ చౌక్‌లో రైలు మారేటప్పుడు

బుజ్జీ,

ఢిల్లీ ఓల్డ్ రాజేంద్ర నగర్‌లో గది కుదిరిందని మీ అమ్మ చెప్పింది. ఇక ఆదివారం భోజనం మా ఇంట్లోనే. మాలవీయ నగర్ రావాలంటే రాజీవ్ చౌక్‌లో మెట్రో మారాలి. 2005లో ఆ స్టేషన్ తెరిచినప్పటి నుంచీ అందులో తిరుగుతున్నదాన్ని, ఇప్పటికీ సాయంత్రం ఆరు దాటాక అక్కడి జనాన్ని చూస్తే ఊపిరాడదు. అందుకే ముందుగా రాస్తున్నాను.

ఆ స్టేషన్ కనాట్ ప్లేస్ కింద ఉంది, అందులో రెండు మెట్రో లైన్లు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. పైన బ్లూ, కింద ఎల్లో. నువ్వు రాజేంద్ర ప్లేస్‌లో బ్లూ లైన్ ఎక్కుతావు కాబట్టి దిగాక ఇంకా కిందికి వెళ్లాలి. ఆర్.కె. ఆశ్రమ్ మార్గ్ దాటగానే తలుపు దగ్గరికి చేరుకో. హిందీ ప్రకటనలో ‘దాయీ’ అంటే కుడి, ‘బాయీ’ అంటే ఎడమ, తలుపులు అటు తెరుచుకుంటాయి. బ్యాగు ముందుకు తగిలించుకో. ఎస్కలేటర్ మీద చున్నీ జాగ్రత్త తల్లీ.

దిగాక నేల మీది పసుపు పాదాల గుర్తుల వెంట నడువు. జనం తోసిన వైపు మాత్రం పోకు. ఏమీ తోచకపోతే గోడ వారగా రెండు నిమిషాలు నిలబడు, ఒక రైలు పోతే వెనకే ఇంకొకటి వస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం, రైలు చివరి స్టేషన్ పేరు. మా ఇంటికైతే మిలీనియం సిటీ సెంటర్ గురుగ్రామ్ వైపు. తిరిగి వెళ్లేటప్పుడు సమయ్‌పూర్ బాద్లీ వైపు ఎక్కి, రాజీవ్ చౌక్‌లో పైకొచ్చి ద్వారక రైలు పట్టుకోవాలి. కొన్నేళ్ల కిందట కరోల్ బాగ్ వెళ్దామని ఆ తొక్కిసలాటలో నోయిడా రైలెక్కాను. కిటికీలో యమున కనబడేదాకా తెలియలేదు! నీకు ఝండేవాలాన్ దగ్గర పెద్ద ఆంజనేయస్వామి విగ్రహం కనబడాలి. స్వామి కనబడితే సరైన దారే, నది కనబడితే వెంటనే దిగి ఎదురు రైలెక్కు.

రైలు వెళ్లే దిశలో మొదటి పెట్టె ఆడవాళ్లది. ప్లాట్‌ఫాం మీద గులాబీ రంగు గుర్తు ఉంటుంది. చీకటి పడితే అందులోనే ఎక్కు, నాలుగడుగులు ఎక్కువైనా సరే.

ఈ మొదటి ఆదివారం మాత్రం నేనే వచ్చి ఎల్లో లైన్‌కి దిగే మెట్ల దగ్గర నిలబడతాను. రాజేంద్ర ప్లేస్‌లో ఎక్కగానే ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ