కాలువ తవ్వారు, గోడ కూలింది. ఎవరిని అడగాలి?

ప్రశ్న: మాది కడప జిల్లాలో ఒక మున్సిపాలిటీ ఊరు. ఊరి పేరు, నా పేరు వేయకండి. మా వీధిలో సీసీ కాలువ కోసం మున్సిపాలిటీ వాళ్లు జేసీబీతో తవ్వించారు. మా ఇంటి కాంపౌండు నిలువు బండల గోడ. నేను స్కూలు నుంచి వచ్చేసరికి ముప్పై అడుగుల పొడవున బండలన్నీ కాలువలోకి పడి ఉన్నాయి. కుళాయి పైపు కూడా తెగింది. డ్రైవరును అడిగితే "నీ గోడే పాతదక్కా, ఎట్లయినా పడేదే" అన్నాడు. అసలు మా గోడే కాలువ స్థలంలో ఉందని మున్సిపాలిటీ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారు అంటున్నారు. కౌన్సిలరు "చూద్దాంలేమ్మా" అని వెళ్లిపోయాడు. మేస్త్రీ 40 వేలు అవుతుందన్నాడు. కాంట్రాక్టరు 5 వేలు ఇస్తాను, ఈ తెల్ల కాగితం మీద సంతకం పెట్టమంటున్నాడు. కేసు వేద్దామని మా తమ్ముడు, మనకెందుకని మా ఆయన. ఏం చేయమంటారు సార్?
- ఒక టీచరు, కడప జిల్లా

జవాబు: ముందు ఆ తెల్ల కాగితం సంగతి. సంతకం పెట్టకండమ్మా. దాని మీద రేపు "నష్టపరిహారం పూర్తిగా ముట్టింది" అని రాసుకుంటే మీ నోరు కట్టేసినట్టే. 5 వేలు తీసుకోవాలనిపిస్తే "కుళాయి పైపు రిపేరుకు మాత్రమే" అని మీ చేత్తో రాసి ఇవ్వండి, జిరాక్సు దగ్గర పెట్టుకోండి.

కేసు సంగతి తర్వాత. దానికన్నా తొందరపడాల్సిన పని ఇంకోటుంది. నేను ఉద్యోగమంతా మున్సిపల్ ఇంజినీరింగ్ సెక్షన్‌లోనే చేశాను. కౌన్సిలరు అరిస్తే కాంట్రాక్టరు నవ్వి ఊరుకుంటాడు. బిల్లు ఆగిందంటే మాత్రం తెల్లారేసరికి మీ గుమ్మం ముందుంటాడు. పని కొలతలు ఎం-బుక్కులోకి (కొలతల పుస్తకంలోకి) ఎక్కి, ఫైనల్ బిల్లు పాసై, కాంట్రాక్టరు డిపాజిట్టు కూడా అతనికి వెనక్కి వెళ్లిపోయాక మీ అర్జీని చదివే నాథుడుండడు. మీ కాగితం అంతకుముందే ఆ ఫైల్లోకి చేరాలి.

కమిషనరు పేరున అర్జీ రాయండి. జరిగింది నాలుగు వాక్యాల్లో చెప్పి, అసలు కోరిక స్పష్టంగా పెట్టండి: గోడ తిరిగి కట్టించేదాకా, లేదా ఆ ఖర్చు మినహాయించేదాకా ఈ పనికి ఫైనల్ బిల్లు, డిపాజిట్టు విడుదల చేయవద్దు అని. పనిలో ఇతరుల ఆస్తికి నష్టం జరిగితే కాంట్రాక్టరే భరించాలనే షరతు ఇలాంటి అగ్రిమెంట్లలో మామూలుగా ఉంటుంది. దాన్ని గుర్తు చేయండి. ఒక నకలు ఏఈకి, ఇంకోటి అకౌంట్స్ సెక్షనుకు. ఈ రెండోది ఎవరూ చేయరు, కానీ పనిచేసేది అదే. అభ్యంతరం ఫైల్లో ఉండగా బిల్లు పంపితే రేపు ఆడిట్‌లో తమ మెడకు చుట్టుకుంటుందని ఆ గుమాస్తాకు బాగా తెలుసు. ఇన్‌వార్డు నంబరు వేయించుకోకుండా అక్కడి నుంచి కదలకండి. వేయబోమని అంటే రసీదుతో స్పీడ్ పోస్టు చేయండి.

"గోడే పాతది" అన్నదానికి జవాబు ఆ బండల్లోనే ఉంది. వాటిని అప్పుడే సర్దేయకండి. ఒక్కో బండా తిప్పించి చూడండి. మన నల్లబండ మీద ఇనుము గీరితే తెల్లగా గాటు పడుతుంది. జేసీబీ బకెట్ పళ్లు తగిలి ఉంటే అలాంటి గాట్లు వరసగా, ఎడం ఎడంగా కనిపిస్తాయి. పక్కన టేపు పెట్టి ఫొటో తీయండి. గాట్లు లేకపోయినా దిగులొద్దు, బకెట్ తగలకుండానే గోడ పడొచ్చు. నిలువు బండ నిలబడేదే భూమిలోకి దిగిన అడుగున్నర, రెండడుగుల బలం మీద. దాన్ని ఆనుకుని అంతకన్నా లోతు తవ్వి, ఆసరా పెట్టకుండా వదిలేస్తే నిన్న పాతిన బండైనా ఒరిగిపోతుంది. కాబట్టి కాలువ ఎంత లోతు, గోడకు ఎంత దూరం అనేది కాంక్రీటు పోయకముందే కొలిచి రాసుకోండి. చూసిన ఇరుగుపొరుగు సంతకాలు, మేస్త్రీ అంచనా దానికి జత చేయండి.

ఏఈ గారి మాట కొంచెం జాగ్రత్తగా చూడాలి. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు ఇచ్చిన బుల్‌డోజర్ తీర్పు వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. 15 రోజుల నోటీసు లేకుండా కూల్చకూడదన్నది నిజమే. కానీ రోడ్డు, వీధి, ఫుట్‌పాత్ లాంటి చోట్ల ఉన్న అక్రమ కట్టడాలకు ఇది వర్తించదని అందులోనే ఉంది. దాన్ని పట్టుకుని వెళితే ఏఈ మిమ్మల్ని ఆ వాక్యంతోనే కొడతాడు. మీకు దస్తావేజులోని హద్దులే ఆధారం. సర్వేయరుతో కొలిపించమని అదే అర్జీలో అడగండి. గోడ మీ హద్దులోనే ఉంటే ఆ వాదన అక్కడితో సరి. ఏ కొలతా లేకుండా "మీదే ఆక్రమణ" అనడం మా డిపార్టుమెంటులో పాత అలవాటు.

నెలైనా కదలిక లేకపోతే 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. అగ్రిమెంటు, ఎస్టిమేటు, ఎం-బుక్కు నకళ్లు, బిల్లు ఏ దశలో ఉందో అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వొచ్చు, అది తిరిగి మీ కమిషనరు దగ్గరికే వస్తుంది. అయినా పై నుంచి వచ్చిన కాగితానికి జవాబు రాయాలి కదా, ఆ మేరకు ఉపయోగం.

ఇక కేసు. 40 వేల కోసం సివిల్ దావా అంటే నేను వద్దనే అంటాను, ఇక్కడ మీ ఆయన పక్షమే. కడపలో కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఆదాయంతో పని లేకుండా మహిళలకు అక్కడ ఉచితంగా లాయరును ఇస్తారు. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. పారిశుద్ధ్యం, నీటి సరఫరా లాంటి ప్రజాసేవల వివాదాలకు శాశ్వత లోక్ అదాలత్ ఉంది. కోర్టు ఫీజు లేదు, రాజీ కుదరకపోయినా తీర్పు ఇచ్చే అధికారం దానికుంది. దావా వేశాక మాత్రం అక్కడికి వెళ్లే వీల్లేదు, కాబట్టి ముందు అదే తలుపు తట్టండి. దావాయే వేయాల్సి వస్తే ముందుగా మున్సిపాలిటీకి నోటీసు ఇవ్వాలి, గడువులూ చిన్నవే. అందుకని ఈ నెలలోనే లాయరుతో ఒకసారి మాట్లాడి పెట్టుకోండి.

చాలావరకు కాంట్రాక్టరే "మేమే కట్టిస్తాం" అని దిగొస్తాడు. ఒప్పుకోండి. కాకపోతే బండల మందం, ఎత్తు ముందే కాగితం మీద పెట్టించుకోండి. మట్టి పూడ్చకముందు మీ మేస్త్రీని నిలబెట్టి, బండ రెండడుగులు లోపలికి దిగిందో లేదో కొలిపించండి.