బోనస్‌తో అప్పు తీరిస్తే మార్కెట్‌కి నష్టమా?

ప్రశ్న: మాది అనంతపురం. బెంగళూరు మారతహళ్లిలో ఉంటూ ఐటీ ఉద్యోగం చేస్తున్నాను. క్రెడిట్ కార్డు మీద 2 లక్షల బాకీ ఉంది, నెలకు మూడున్నర శాతం వడ్డీ పడుతోంది. పర్సనల్ లోను 5 లక్షలు, ఫ్లాటు మీద హోమ్ లోను కూడా ఉన్నాయి. ఈ నెల బోనస్ 4 లక్షలు చేతికొచ్చింది. అప్పులు తీర్చేద్దామని నా ఆలోచన. మా బావగారు మాత్రం "అందరూ అప్పులు కట్టుకుంటూ కూర్చుంటే వ్యాపారాలు ఎలా నడుస్తాయి? 2008 తర్వాత అమెరికాలో జరిగింది అదే, కారు కొను" అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: కార్డు బాకీ ఈ వారమే పూర్తిగా కట్టేయండి. నెలకు 7,000 వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ 1,260. అంటే ఏడాదికి దాదాపు లక్ష రూపాయలు మీ చేతిలోంచి పోతున్నాయి, అసలు మాత్రం అలాగే ఉంటోంది.

బావగారి మాట కొట్టిపారేసేది కాదు. అమెరికాలో 2008లో సుమారు 12.7 లక్షల కోట్ల డాలర్లున్న కుటుంబాల అప్పు 2013కి 11.2 లక్షల కోట్లకు తగ్గింది. ఆ ఏళ్లలో జనం ఖర్చులు బిగబట్టారు. ఒకరి ఖర్చే ఇంకొకరి ఆదాయం కాబట్టి దుకాణాలు, ఉద్యోగాలు దెబ్బతిన్నాయి. వడ్డీ రేట్లు సున్నా దగ్గరికి దించినా కొత్తగా అప్పు చేసే ధైర్యం చాలామందికి లేకపోయింది. అయితే ఆ తగ్గిన అప్పులో కొంత భాగం కట్టి తీర్చింది కాదు, కట్టలేక ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లది. స్తోమతకు మించి అప్పు చేసినప్పుడే ఆ దెబ్బకు బీజం పడింది. కట్టడం మొదలుపెట్టాక అది బయటపడింది, అంతే.

మన దగ్గర పరిస్థితి వేరు. ఇక్కడ బ్యాంకు లోన్లు పెరుగుతూనే ఉన్నాయి, మీరు కట్టిన 2 లక్షలు ఇంకొకరికి లోనుగా వెళ్తాయి. తనఖా లేని లోన్లు మరీ జోరుగా పెరుగుతున్నాయనే కదా 2023 నవంబరులో ఆర్‌బీఐ వాటికి బ్యాంకులు పక్కన పెట్టాల్సిన మూలధనాన్ని పెంచింది. కాబట్టి దేశం కోసం మీరు ఏడాదికి 42 శాతం వడ్డీ మోయాల్సిన పని లేదు.

మిగిలిన 2 లక్షల్లో లక్షన్నర ఎఫ్‌డీలో వేసి పక్కన పెట్టండి. ఐటీలో ఉద్యోగం ఎప్పుడు ఊగుతుందో తెలియని టెన్షన్ మీకూ ఉంటుంది. ఈ డబ్బు లేకపోతే మొదటి కష్టానికే మళ్లీ కార్డు గీకాల్సి వస్తుంది. చాలాకాలంగా వాయిదా వేస్తున్న ఇంటి అవసరాలకు ఆ 50,000 వాడుకోండి.

పర్సనల్ లోనుకు ముందుగా కడితే ఛార్జీ ఎంతో అడిగి, వచ్చే బోనస్ దానికి కేటాయించండి. హోమ్ లోనుకు తొందర లేదు. కానీ అది ఫ్లోటింగ్ రేటుదైతే, అంటే వడ్డీ ఎప్పటికప్పుడు మారేదైతే, 2025లో ఆర్‌బీఐ రెపో రేటును (బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని) 6.5 నుంచి 5.25 శాతానికి తగ్గించిన మేలు మీ ఖాతాకు చేరిందో లేదో బ్యాంకులో తప్పక కనుక్కోండి.

కారు వద్దనడం లేదు. కార్డు తీరాక నెలకు 8,260 మిగులుతాయి. దాన్ని రికరింగ్ డిపాజిట్‌లో వేస్తూ పోతే ఏడాదికల్లా డౌన్ పేమెంట్‌కి లక్ష చేతిలో ఉంటుంది. షోరూమ్‌కి అప్పుడు బావగారిని కూడా తీసుకెళ్లండి.