పాత ఆసిలోస్కోప్‌లో కెపాసిటర్లన్నీ మార్చాలా?

ప్రశ్న: వేలంలో కొన్న పాత వాల్వుల ఆసిలోస్కోప్‌లో (విద్యుత్ సంకేతాలను తెరపై గీతగా చూపే పరికరంలో) గీత నిలకడగా ఉండక అలలాడుతోంది. కెపాసిటర్లన్నీ మార్చేయమంటారా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: అన్నీ మార్చనక్కర్లేదు. ఆ అల మన ఇంటి కరెంటు లయలో, అంటే సెకనుకు 50 లేదా 100 సార్లు వస్తుంటే, పవర్ సప్లైలోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లలో ద్రవం ఎండిపోయి, కెపాసిటెన్సు (చార్జిని నిలవచేసే సామర్థ్యం) తగ్గి, ఈఎస్ఆర్ (కెపాసిటర్ లోపలి నిరోధం) పెరిగి ఉంటుందని మొదట అనుమానించాలి. తరవాత చూడవలసినవి మైనం పూసిన కాగితపు కెపాసిటర్లు. మీ కోస్తా గాలిలోని తేమను పీల్చుకొని అవి లీకవుతాయి, వాల్వు గ్రిడ్డుకు (వాల్వులో కరెంటును అదుపు చేసే తీగల జల్లెడకు) ముందున్నది లీకయితే వాల్వుకే ముప్పు. మైకా, సెరామిక్ రకాలు చాలావరకు బాగానే ఉంటాయి కనుక దయచేసి వాటిని కదిలించకండి. స్వీప్ వేగాన్ని (గీత తెరపై అడ్డంగా సాగే వేగాన్ని) నిర్ణయించే చోట మారిస్తే కాలిబ్రేషన్ (కొలతల ఖచ్చితత్వం) దెబ్బతింటుంది.

కొత్తదాని వోల్టేజి రేటింగు పాతదానికి సమానంగా గాని, ఎక్కువగా గాని ఉండాలి. 105 డిగ్రీల వేడిని తట్టుకునే రకం మేలు. ప్లగ్గు తీశాక కూడా పవర్ సప్లైలోని ఫిల్టర్ కెపాసిటర్లలో ప్రాణాంతకమైన చార్జి మిగలవచ్చు కాబట్టి, తగిన రెసిస్టరుతో దాన్ని దించి, మీటరులో సున్నా చూశాకే చేయి పెట్టండి. ఒక్కొక్కటిగా మారుస్తూ, ప్లస్, మైనస్ కొసలను ఫోటో తీసుకోండి. పిక్చర్ ట్యూబుకు వెళ్ళే వేల వోల్టుల భాగాన్ని మాత్రం అనుభవమున్న మెకానిక్కు వదిలేయండి.