బయానా ఇచ్చే ముందు రాళ్లు చూడు

చిరంజీవి అల్లుడికి,

పొలం బేరం కుదిరిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సర్వే నంబరు 112లో 2, రెండెకరాల నలభై సెంట్లు, ముందు ముందు లేఔటు వేసే ఆలోచన కూడా ఉందట. బయానా ఇంకా చేతులు మారలేదు కాబట్టే ఇది రాస్తున్నాను.

అమ్మేవాడు నీకు గట్టు చూపిస్తాడు. గట్టు హద్దు కాదురా. దుక్కి దున్నిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఓ చాలు చెక్కుతారు, గట్టు నడుస్తూనే ఉంటుంది. అడంగలు, 1-బి అనే రెవెన్యూ రికార్డులు భూమి ఎవరిది, ఎంత అనే చెబుతాయి. ఎక్కడ అన్నది చెప్పేది ఎఫ్.ఎం.బి. (ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్, ప్రతి సర్వే నంబరుకీ కొలతలతో గీసిన పటం) ఒక్కటే. ముందు 112దీ, దాన్ని ఆనుకున్న నంబర్లన్నిటివీ ఎఫ్.ఎం.బి. నకళ్లు తీయించు. పక్క నంబర్లవి ఎందుకంటే, ఉమ్మడి గట్టు కొలత రెండు కాగితాల్లోనూ ఒకటే ఉండాలి. తేడా ఉంటే అక్కడే గొడవ పొంచి ఉందన్నమాట.

నకలు వచ్చాక నీ 2 అనే ముక్క అందులో గీత గీసి ఉందో లేదో చూడు. రికార్డులో సబ్‌డివిజన్ కాకపోతే సర్వేయరు మొత్తం 112 హద్దు చూపించగలడు గానీ, లోపల నీ వాటా చూపించలేడు. అలాంటప్పుడు వాటాదారులందరూ ఒప్పుకుని, సబ్‌డివిజన్ చేయించాకే కొను. చాలామంది ఇక్కడే మునుగుతారు.

పాత ఎఫ్.ఎం.బి.లో అంకెలు లింకుల్లో ఉంటాయి. గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు, లింకు 20.1168 సెంటీమీటర్లు. చదవడం ఇలా: హద్దుల్లో పాతిన సర్వే రాళ్లలో ఎ రాయి నుంచి సి రాయికి జి-లైను (రెండు రాళ్లను కలిపే తిన్నని కొలత గీత) 812 లింకులు అనుకో, అంటే 163.35 మీటర్లు. దాని మీద 310 దగ్గర ఎడమకు 45 అని ఉంటే, ఎ నుంచి 62.36 మీటర్లు నడిచి, లంబంగా ఎడమకు తిరిగి 9.05 మీటర్లు వెళ్లాలి. గట్టు వంపు అక్కడ ఉండాలి. జి-లైను మీది అంకెలన్నీ మొదటి రాయి నుంచి లెక్కే, వంపుకీ వంపుకీ మధ్య దూరం కాదు. కొత్తవాళ్లు ఈ ఒక్క పొరపాటుతో పొలాన్ని పక్కవాడి చేలో పెడతారు. తెలంగాణలో కొంటే మాత్రం ఇలాంటి కొలతల పటాన్నే టిప్పన్ అంటారు, అది అడగాలి. అక్కడి పాత గొలుసు 33 అడుగులు, అందులో 16 అణాలు. లింకులనుకుని లెక్క కడితే అంతా తప్పే.

పొలంలో కనీసం మూడు రాళ్లు దొరకాలి. పైకి కనబడకపోతే రాయి లేదనుకోకు, కొలత ప్రకారం చోటు పట్టుకుని గునపంతో అడుగో రెండడుగులో తవ్వించు. దొరికిన రాళ్ల మధ్య దూరాలు కాగితంతో పోల్చు. ఒక రాయి నుంచి కొలిచిన ప్రతి గీతా తేడా వస్తూ, మిగతావి సరిపోతుంటే ఆ రాయి కదిలిందన్నమాట. పోయిన రాయి చోటు కావాలంటే రెండు మంచి రాళ్ల నుంచి ఎఫ్.ఎం.బి. దూరాలతో రెండు విల్లులు (వృత్తపు ముక్కల్లాంటి వంపు గీతలు) గీయాలి. అవి కలిసిన చోటును మూడో రాయి నుంచి సరిచూడాలి. ఒక్క రాయి పట్టుకుని కొలిచే సర్వేయరుకు దణ్ణం పెట్టి పంపెయ్.

రోవరు (ఉపగ్రహాలతో చోటు పట్టే సర్వే పరికరం) తెస్తే అంతా కరెక్టనుకోవద్దు. ట్రాక్టరు ఈడ్చేసిన రాయి మీద పెడితే, ఆ తప్పు చోటునే సెంటీమీటర్లతో సహా చెబుతుంది. ఫోన్ యాప్‌లైతే మీటర్ల కొద్దీ తప్పుతాయి, విస్తీర్ణం అంచనాకి తప్ప హద్దుకి పనికిరావు. మీ ఊళ్లో రీసర్వే అయిపోయి ఉంటే పాత సర్వే నంబరుకి బదులు ఎల్.పి.ఎం. (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబరు వస్తుంది. పాత విస్తీర్ణం, కొత్తది రెండూ పక్కపక్కన పెట్టి చూడు.

ఇంత పట్టుదల ఎందుకంటావేమో. 163 మీటర్ల గట్టు మూడడుగులు లోపలికి జరిగితే దాదాపు 178 చదరపు గజాలు పోతాయి, మూడు సెంట్ల మీద మాట. లేఔటులో అది ఒక ఇంటి స్థలం.

ప్రైవేటు సర్వేయరుతో ముందు చూపించుకో, తప్పులేదు. కానీ ఆ కాగితానికి పక్కరైతు కట్టుబడి ఉండనక్కర్లేదు. అమ్మేవాడి పేరనే మీ-సేవలో ఎఫ్-లైన్ దరఖాస్తు (ప్రభుత్వ సర్వేయరుతో హద్దులు కొలిపించమని అడిగేది) పెట్టించు. పక్కవాళ్లకు నోటీసులు అందాయో లేదో చూసుకో. నోటీసు అందని వాడు తర్వాత వచ్చి కొలత చెల్లదంటాడు. వచ్చి కూడా సంతకం పెట్టనంటే ఆ సంగతి పంచనామాలో రాయించు. పంట కోశాక పెట్టు, నిలువు చేలో గీత సాగదు. డొంక, పంట కాలువ ఆనుకుని ఉంటే వాటి వెడల్పు కూడా అదే రోజు కొలిపించు. లేఔటుకు దారి దాని మీదే ఆధారపడుతుంది, డొంకను కలుపుకున్న పొలం కొంటే ఆ మేర ఎప్పటికైనా వదలాల్సిందే.

అగ్రిమెంటులో ‘కొలతలో తేలిన విస్తీర్ణానికే సెంటు లెక్కన సొమ్ము’ అని రాయించు. దస్తావేజు హద్దుల్లో ‘తూర్పు: ఫలానా వారి చేను’ అని మాత్రమే వదిలేయకు, పేర్లు మారిపోతాయి. పక్క సర్వే నంబరు, సబ్‌డివిజన్ కూడా వేయించి, రాళ్ల మధ్య దూరాలున్న నక్షా జతచేయించు. విస్తీర్ణానికీ హద్దులకీ పొసగనప్పుడు కోర్టులు సాధారణంగా హద్దుల వైపే మొగ్గుతాయి.

రాళ్లు పాతాక వాటిని కాపాడే బాధ్యత పట్టాదారుదే, 1923 నాటి సర్వే, హద్దుల చట్టంలో ఉన్న మాటే. కంచె స్తంభాలు రాయి మీదికి తేకుండా ఒక అడుగు లోపలికి పాతించు, గుంట తీసేటప్పుడు కూలీలు రాయిని పెకలించకుండా నువ్వు దగ్గరుండు. ఎఫ్.ఎం.బి. నకళ్లు వచ్చాక ఫోటోలు పంపు, చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య